లీమా పందిరి కింద

చెప్పులు విప్పి మడిలో కాలు పెట్టండి. మే నెల సగం గడిచింది. వీపు మీద ఎండ చురుక్కుమంటోంది, అరికాలికి మాత్రం మన్ను చల్లగా తగులుతోంది. న్యూజెర్సీలో వసంతం పైనుంచి కిందికి దిగుతుంది. చెట్లు ఎప్పుడో చిగిర్చాయి, పచ్చిక కోసే మిషన్ల రొద వారం వారం వినిపిస్తూనే ఉంది, అయినా నాలుగంగుళాల లోతున నేల ఇంకా చలికాలాన్ని వదిలించుకోలేదు.

మీ పక్కన గొంతుక్కూర్చున్న పెద్దావిడది చిత్తూరు జిల్లా, పలమనేరు దగ్గర ఒక పల్లె. ఆరు నెలల విజిట్ మీద ఏప్రిల్ ఆఖర్లో ప్లెయిన్స్‌బరోలోని కూతురింటికి దిగింది. నిద్ర వేళలు కుదురుకోకముందే పెరడంతా అడుగులతో కొలిచేసింది. చేతిలో ఉన్నది కూతురు ఒవెన్‌లో మాంసం ఉడికిందో లేదో చూసుకునే థర్మామీటరు. దాన్ని మట్టిలోకి గుచ్చి, ముల్లు నిలిచేదాకా కన్నార్పకుండా చూస్తోంది.

"ఎంత చూపిస్తాండాది మా?" వంటింటి కిటికీలోంచి కూతురు.

"యాభై ఎనిమిది."

"అరవై అయిదు దాటాల. ఇంగో వారం ఆగు."

తొలకరి చినుకు పడగానే నాగలి కట్టే ఇంట్లో పుట్టిన మనిషి, ఎవరో అంకె చెప్తే ఆగుతుందా అని మీకు అనుమానం. ఆవిడ చిటికెడు మన్ను తీసి వేళ్ళ మధ్య నలుపుతుంది, వాసన చూస్తుంది, విదిలించేస్తుంది. "ఆగుదాంలే. నేలకింకా మనసు రాలేదు" అని మోకాళ్ళ మీద చేతులాన్చి లేస్తుంది.

లీమా చిక్కుడు పట్టింపు అలాంటిది. మామూలు బీన్స్ గింజ 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కే మొలకెత్తుతుంది. లీమాకు 65 కావాలి, అంటే మన లెక్కలో 18 సెల్సియస్. అదీ ఒక పూట కాదు, నాలుగైదు రోజులు వరసగా నిలవాలి. చల్లటి తడి మట్టిలో పడిన గింజ నీళ్ళు తాగుతుంది గానీ మొలవదు. లోపలి కణాల పొరలు చిట్లి చక్కెర బయటికి ఊరుతుంది, ఆ తీపికి బూజు చేరుతుంది. తొందరపడ్డవాళ్ళు వారం తర్వాత తవ్వి చూసుకుంటే చేతికి తగిలేది మెత్తటి ముద్ద.

విత్తనాలు నానబెట్టే విషయంలోనూ తల్లీకూతుళ్ళకు చిన్న వాదన నడిచింది. పలమనేరులో చిక్కుడు గింజ రాత్రి నానందే మట్టి చూడదు. ఇక్కడ పొట్లం మీద నానబెట్టొద్దని అచ్చేశారు. ఎవరి మాటా నమ్మకుండా పెద్దావిడ రెండు గింజలు గ్లాసు నీళ్ళలో వేసి పడుకుంది. పొద్దున్నే మీరు కూడా చూడండి: తొక్క ముడతలు పడింది, ఒకదాని పప్పు మీద అడ్డంగా సన్నటి చీలిక. బాగా ఎండిన పెద్ద గింజ ఒక్కసారిగా నీళ్ళు పీల్చుకుంటే జరిగేదిదే. చీలిన పప్పులోంచి వచ్చే మొలకకు బలం ఉండదు. ఆవిడ ఏమీ అనలేదు. ఆ రెండింటినీ చెత్తబుట్టలో వేసి, మిగతా పొట్లం పొడిగానే ఉంచింది.

మెమోరియల్ డే సెలవు, మే నెల ఆఖరి సోమవారం. ముల్లు 67 దగ్గర ఆగింది. ఇప్పుడు మీరు కూడా కూర్చోండి, పని ఉంది.

గింజను అరచేతిలో పెట్టుకుని చూడండి. తెల్లగా, పలచగా, బొటనవేలి గోరంత వెడల్పు. 'కింగ్ ఆఫ్ ది గార్డెన్' అనే ఈ తీగ రకం 1883 నుంచి అమెరికా పెరళ్ళలో ఉంది. పందిరి అక్కర్లేని గుబురు రకాలు తర్వాత పేరు తెచ్చుకున్నాయి. వాటిలో ప్రసిద్ధమైన ఫోర్డ్‌హుక్, ఇక్కడికి పడమట డెలావేర్ నది దాటాక డాయిల్స్‌టౌన్‌లో ఉన్న బర్పీ విత్తనాల కంపెనీ పొలం పేరు మీద 1907లో వచ్చింది. అసలు పుట్టిల్లు మాత్రం ఇంకా దక్షిణాన. పెద్ద గింజ రకాలు ఆండీస్ పర్వతాల వైపు, చిన్న గింజ రకాలు మెక్సికో వైపు, రెండు చోట్లా వేర్వేరుగా మనుషుల చేతికి మాలిమయ్యాయి. పెరూ ఉత్తర తీరంలో పదమూడు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట బతికిన మోచే కుమ్మరులు ఈ గింజలకు కాళ్ళూ చేతులూ తగిలించి, పరుగెత్తే యోధులుగా కుండల మీద బొమ్మలు వేశారు. గింజల మీది మచ్చలు ఒక రకం రాత కావచ్చునని రఫాయెల్ లార్కో హోయ్లే అనే పెరూ పరిశోధకుడు వాదించాడు కూడా. పండితులు పెద్దగా ఒప్పుకోలేదు. ఎర్రమచ్చల లీమా గింజను ఒక్కసారి చూస్తే ఆయనకు ఆ ఊహ ఎందుకు వచ్చిందో తెలిసిపోతుంది.

"అవ్వా, ఏ సైడ్ కిందికి?" ఎనిమిదేళ్ళ మనమరాలు గింజను ఇటూ అటూ తిప్పుతోంది.

"కన్ను కిందికి బంగారూ. యాడ తొడిమెకి అతుక్కోనుందో ఆడ. వేరు దాంట్లోనుంచే దిగాల."

వేలి కణుపు లోతు గుంట, జానెడుకొక గింజ. గింజ పడ్డాక తవ్విన మట్టిని ఆవిడ తిరిగి కప్పలేదు. మనమరాలి ఇసుకతొట్టి నుంచి తెచ్చిన ఇసుకను గుప్పెడు గుప్పెడు పోసింది. మీరు అడగకముందే కూతురికి చెప్తోంది: "ఈ మన్ను వానకు తడిసి ఎండితే పెంకు కడతాది. గింజ రెండు బద్దల్నీ నెత్తిన పెట్టుకోని వంగి పైకి రావల్ల. పెంకు కింద మెడ ఇరిగిపోతాది." పాఠంలో చదివింది కాదు. వేరుశనగ చేలల్లో అట్టకట్టిన నేల కింద ఇరుక్కుపోయిన మొలకలను చూసిన కళ్ళు.

రెండో మడిలో చిక్కుడు వేశారు. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీది ఇండియన్ దుకాణంలో కొన్న పొట్లం, నాటు రకం, ఊదా రంగు పువ్వు బొమ్మ. "ఆ తెల్లోళ్ళ గింజ ఏమన్నా కానీ, ఇది మాత్రం నా చేతిలో కాస్తాది" అంది పెద్దావిడ. ఈ మాట గుర్తుంచుకోండి.

జూన్‌లో పెరడు పనులన్నీ కంచె దగ్గరే. ఉడతలు, కుందేళ్ళు, పాకలో బొరియ పెట్టిన గ్రౌండ్‌హాగ్, రాత్రుళ్ళు వచ్చే జింకలు. వలకంచె ఎత్తు పెంచారు, అడుగు భాగం మట్టిలోకి పాతారు. దాని గురించి ఇంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు, ఇక్కడ కూరగాయలు వేసే ప్రతి ఇంట్లోనూ ఇదే కథ.

చూడాల్సింది పందిరిని. ఎనిమిదడుగుల వెదురు గడలు, జనపనార తాడు. మనమరాలు తాడు అందుకోని తీగను పట్టుకుని గడకు చుట్టబెట్టింది. కాఫీ తాగి వచ్చేసరికి అది విప్పుకుని గాల్లో ఊగుతోంది. పిల్ల మళ్ళీ చుట్టింది. మళ్ళీ ఊడింది. తీగ అటు తిరగదు. మీరు నిచ్చెనెక్కి పైనుంచి చూస్తే తెలుస్తుంది: చిక్కుళ్ళ తీగలు గడియారం ముల్లుకు ఎదురు దిశలోనే గడను చుట్టుకుంటాయి. పిల్ల చుట్టింది ముల్లు తిరిగే దిశలో. అవ్వ వచ్చి, ఆ లేత కొనను ఒకే ఒక్క మెలిక రెండో వైపు తిప్పి వదిలేసింది. సాయంత్రానికి అది తనంతట తానే ఇంకో చుట్టు వేసుకుంది.

ఒత్తుగా మొలిచిన చోట ఒక మొక్కను పీకి ఆవిడ వేరు దులిపింది. చూపిస్తోంది, వంగండి. వేళ్ళ మీద ఆవగింజంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. గాల్లోని నత్రజనిని పట్టి మొక్కకు పెట్టే బాక్టీరియా ఆ బుడిపెల్లో కాపురముంటుంది. రంగు గులాబీగా ఉందంటే పని జరుగుతున్నట్టే. లీమాకు అలసందలు, వేరుశనగల బాపతు బాక్టీరియాయే నప్పుతుంది, మామూలు బీన్స్‌ది కాదు. విత్తేటప్పుడు కూతురు గింజలకు నల్లటి పొడి పట్టించింది అందుకే. "శనక్కాయ చెట్టు మాదిరే ఉండాది" అని పెద్దావిడ సంతోషపడింది. లీమాను ఆవిడ మొదటిసారి సొంతం చేసుకుంది అప్పుడేనేమో అని నాకనిపిస్తుంది.

జులై రెండో వారం. పొద్దున ఆరున్నర, ఆకుల మీద ఇంకా తడి ఉంది. పెద్దావిడ ఒక లీమా ఆకును వెనక్కి తిప్పింది. తిప్పినది తిప్పినట్టే పట్టుకుంది.

"పాపా! ఇట్రా! ఇదేందో చూడు, అక్షింతల పురుగు!"

కూతురు ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. మీరు కూడా ముందుకు వంగండి. ఆకు అడుగున పసుపు రంగు గుడ్లు, నలభయ్యో యాభయ్యో, గుత్తిగా నిలబెట్టినట్టున్నాయి. పక్క ఆకు మీద ఒళ్ళంతా కొమ్మల్లాంటి ముళ్ళున్న పసుప్పచ్చ పిల్లపురుగులు. అవి ఆకు అడుగు పొరను గీకి గీకి తినేశాయి, మిగిలింది ఈనెలూ వాటి మధ్య జల్లెడలాంటి పొరా. పై ఆకు మీద పెద్ద పురుగు, గుండ్రంగా, రాగి రంగులో.

అక్షింతల పురుగంటే వంగతోట వేసిన ప్రతి రైతుకూ తెలుసు. పలమనేరు వైపు వంకాయ ఆకును ఇలాగే జల్లెడ చేసి పెడుతుంది. పెద్దావిడ పురుగును గోటి మీదికి ఎక్కించుకుని మచ్చలు లెక్కపెడుతోంది. "ఎనిమిది, ఎనిమిది... పదారు. మన పురుక్కి ఇంకా జాస్తి ఉంటాయే."

జాస్తే. మన వంగ మీది పురుక్కి ఇరవై ఎనిమిది దాకా ఉంటాయి. ఇక్కడిది మెక్సికన్ బీన్ బీటిల్, ఒక్కో రెక్క మీద ఎనిమిదేసి నల్ల మచ్చలు. రెండూ దాయాదులే. పేనుబంకను తిని రైతుకు మేలు చేసే లేడీబర్డ్ పురుగుల కుటుంబంలో పుట్టి, ఆకు తినడానికి అలవాటుపడిన శాఖ. సముద్రం దాటి వచ్చినావిడకు పెరట్లో మొదట ఎదురైన చుట్టం ఇది.

ఆ రోజు నుంచి ఆవిడ దినచర్య చూడండి. సబ్బునీళ్ళ డబ్బా ఎడమ చేతిలో, కుడి చేత్తో ఆకులు తిప్పడం. గుడ్ల గుత్తిని బొటనవేలితో నలిపేయడం, పెద్ద పురుగును డబ్బాలో పడేయడం. పెద్ద పురుగు మోకాళ్ళ దగ్గర్నుంచి పసుపు రంగు చుక్క విడుస్తుంది, చేతికి చేదు వాసన అంటుకుంటుంది. మనమరాలు సెలవుల్లో ఉంది కాబట్టి కింది వరస ఆకులు దాని వాటా. అయినా వారం తిరిగేసరికి జల్లెడ ఆకులు తగ్గలేదు.

అల్లుడు మందు కొడదామన్నాడు. కూతురు వద్దంది. తను ఫోనులో చదువుతోంది, విని మీరు కూడా తల ఎత్తుతారు: ఈ పురుగును చంపే ఒక చిన్న కందిరీగ జాతి ఉంది. పేరు పెడియోబియస్ ఫోవియోలేటస్. 1966లో అమెరికా వ్యవసాయ శాస్త్రజ్ఞులు దాన్ని భారతదేశం నుంచి తెప్పించుకున్నారు, ఇక్కడి చిక్కుడు పురుగు మీదికి ఉసిగొల్పడానికి. మన దేశంలో అది బతికేది అక్షింతల పురుగు పిల్లల మీదే. న్యూజెర్సీ వ్యవసాయ శాఖకు మేలు చేసే పురుగుల్ని పెంచే ప్రయోగశాల ఒకటుంది, వెస్ట్ ట్రెంటన్‌లో, ఈ ఇంటికి అరగంట దూరంలో. ఈ కందిరీగను అక్కడ తరతరాలుగా పెంచి సోయా చేలల్లోకీ చిక్కుడు మళ్ళల్లోకీ పంపిస్తూ వచ్చారు.

"అంటే మన ఊరి ఈగేనా?" పెద్దావిడ అడిగింది.

"మన దేశందే మా. ఊరు ఏదో రాయలేదు."

కూతురు తెప్పించిన కందిరీగల పొట్లం వచ్చింది. అందులో కందిరీగలు లేవు. ఎండి గోధుమ రంగుకు తిరిగిన పురుగు పిల్లల పెంకులున్నాయి, కదలిక లేదు. వీటిని మమ్మీలంటారు. తల్లి కందిరీగ బతికున్న పురుగు పిల్లలో గుడ్లు పెడుతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు దాన్ని లోపల్నుంచి తినేస్తాయి. చివరికి పురుగు ఆకుకు అతుక్కుని బిగుసుకుపోతుంది, దాని పెంకుకు చిల్లు పడి ఇరవై దాకా కందిరీగలు బయటికొస్తాయి. ఒక్కోటి నువ్వుగింజ కంటే చిన్నది. మనిషిని కుట్టడానికి వాటికి తీరికా లేదు, ముల్లూ లేదన్నట్టే.

కూతురు చిన్న కాగితం గిన్నెలో ఆ పెంకులు వేసి, పందిరి నీడలో లోపలి కొమ్మకు కట్టింది. ఎండ తగలకూడదు, వాన పడకూడదు. ఇక చూడటానికేమీ ఉండదు. మీరు గంటసేపు నిలబడ్డా కనిపించేది గిన్నే, కొమ్మే. రెండో రోజు ఆకు మీద నలుసులాంటిదేదో నడిచింది, అదేనో కాదో. పది పన్నెండు రోజుల తర్వాత మనమరాలు అరిచిన అరుపుకు పక్కింటి కుక్క మొరిగింది. ఆకు అడుగున పసుప్పచ్చ పిల్లపురుగుల మధ్య ఒకటి గోధుమ రంగుకు తిరిగి బిగుసుకుపోయింది. దాని పక్కన ఇంకోటి. నెలాఖరుకు పసుపు కంటే గోధుమే ఎక్కువ.

పెద్దావిడ ఆ రోజు చాలాసేపు పందిరి కింద కూర్చుంది. తర్వాత అన్న మాట కూతురితో కాదు, ఎవరితోనూ కాదు. "మా వంగతోటల్లో గూడా ఉండే ఉంటాయి ఇవి. వారానికి రెండు తూర్లు మందు కొడితిమి. పురుగు చస్తాందనుకుంటిమి, ఎవరెవరు చచ్చిరో."

చలికాలం వస్తే ఈ కందిరీగలు బతకవు. చిక్కుడు పురుగు రాలిన ఆకుల కింద పెద్ద పురుగుగానే దాక్కుని చలి గడిపేస్తుంది. కందిరీగకు కావలసింది పిల్లపురుగు, అది మంచులో ఉండదు. అందుకే ఏటేటా మళ్ళీ పెంచి వదలాలి. విజిట్ వీసా లాంటి బతుకు అని అల్లుడు హాస్యమాడాడు. అత్తగారికి నవ్వు రాలేదు.

ఆగస్టు వేడికి లీమా అలిగింది. పగలు 93, రాత్రి కూడా 75కు దిగడం లేదు. మొక్క నిండా లేత పసుపుతెలుపు పూలగుత్తులు, పొద్దున్నే చూస్తే సగం పూలు కింద పరిచిన ఎండుగడ్డి మీద ఉన్నాయి. రాత్రి చల్లబడకపోతే పుప్పొడి పనికిరాకుండా పోతుంది, పిందె కట్టదు. ఈ బాధ పెద్ద గింజ రకాలకే ఎక్కువ. అమెరికా దక్షిణ రాష్ట్రాలవాళ్ళు చిన్న గింజ లీమాలే వేసుకుంటారు, వాటికి వేడి తట్టుకునే గుణం ఉంది. చేయగలిగింది వేళ్ళకు లోతుగా నీళ్ళు పెట్టడం, ఓర్చుకోవడం.

పొడి ఎండలకు ఆకుల మీద నల్లి కూడా తగిలింది. ఆకుపై పొడిచినట్టు తెల్లటి చుక్కలు. లీమాకు దీని మీద ఒక ఉపాయముంది. 1980లలో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు: నల్లి పీల్చిన లీమా ఆకు గాల్లోకి కొన్ని వాసనలు విడుస్తుంది, ఆ వాసన పట్టుకుని నల్లిని తినే మరో జాతి నల్లి వెతుక్కుంటూ వస్తుంది. మొక్కలు కాపలాదారుల్ని పిలుచుకుంటాయన్న శాస్త్రం చాలావరకు ఈ చిక్కుడు ఆకు మీదే నడిచింది. మీరు ఆకును ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి వాసన తప్ప ఏమీ తెలియదు. మనకోసం విడిచింది కాదు కదా.

ఇక రెండో మడి వైపు తిరగండి. నాటు చిక్కుడు పందిరిని మింగేసి, కంచె దాటి, పక్కింటివాళ్ళ సైప్రస్ చెట్టు మీదికి పాకింది. ఊదా కాడలు బొటనవేలంత లావు. ఆకు అరచేతికి మించి. వాకింగ్‌కు వెళ్ళే వాళ్ళు ఆగి మెచ్చుకుంటున్నారు. పెద్దావిడ మాత్రం రోజూ కొనలు పట్టుకుని చూసి, పెదవి విరిచి వస్తోంది. ఒక్క మొగ్గ లేదు.

తప్పు మన్నులో లేదు, ఆవిడ చేతిలో లేదు. నాటు చిక్కుడు ఎండ వేడిని కాదు, రాత్రి పొడవును లెక్కపెడుతుంది. రాత్రులు సాగితేనే పూత. పలమనేరులో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు కూడా 13 గంటలు మించదు. ప్లెయిన్స్‌బరోలో జూన్ 21న సూర్యుడు 15 గంటలు ఆకాశంలో ఉంటాడు. అంత వెలుగులో చిక్కుడు తీగకు ఇంకా కాలం రాలేదనే లెక్క. ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది. లీమాలో అమెరికా తోటల్లో స్థిరపడిన రకాలకు ఈ పట్టింపు లేదు. వాటికి నేల వెచ్చబడితే చాలు, పగలు ఎంతున్నా పూస్తాయి. ఒక తీగ మట్టిని చూస్తుంది, ఒక తీగ ఆకాశాన్ని చూస్తుంది. పెద్దావిడకు కూతురు ఇది చెప్పినప్పుడు వెంటనే ఒప్పుకుంది: "మాకు ఆషాడంలో అనుములు ఎత్తితే, మంచు పడేటప్పటికే గదా కాయ. మంచు పడితేనే దానికి వాసన."

సెప్టెంబర్ మొదట్లో రాత్రులు చల్లబడగానే లీమా చకచకా పిందెలేసింది. ఇప్పుడు కాయలు కోతకొచ్చాయి, బుట్ట పట్టుకోండి.

కాయ వెడల్పుగా, అంచులు పలచగా, కొస వంపు తిరిగి ఉంటుంది. రంగు చూసి మోసపోవద్దు, వేళ్ళతో తడమాలి. లోపల గింజ నిండుగా గుబ్బ కట్టి, కాయ ఇంకా పచ్చగా మెరుస్తున్నప్పుడు కోయాలి. పలచటి కాయ కోస్తే గింజ గోరంత. ఆలస్యమైతే పిండి పిండిగా అవుతుంది. తీగను లాగకుండా ఒక చేత్తో కాడ పట్టుకుని కోయండి. కొన్ని కాయల గింజల మీద సొట్ట, మరక. అది రసం పీల్చే పురుగుల పని, బియ్యంలో రాయి ఏరినట్టు పక్కన పెట్టేయడమే.

బుట్టెడు కాయలు ఒలిస్తే గిన్నెడు గింజలు కూడా రావు. కాయకు మూడు, నాలుగు. వెనక వసారాలో చాప మీద అందరూ కూర్చున్నారు. మనమరాలు ఒక గింజ నోట్లో వేసుకోబోతే తల్లి చెయ్యి పట్టుకుంది. పచ్చి లీమాలో లినమారిన్ అనే పదార్థముంటుంది, నమిలితే సైనైడ్ పుడుతుంది. తోటల్లో వేసే తెల్ల రకాల్లో అది తక్కువే, అడవి రకాల్లో ఎక్కువ. ఏదైనా పచ్చిగా మాత్రం తినకూడదు. మూత లేకుండా, నీళ్ళు ఎక్కువ పోసి బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోయాలి. ఆవిరితో పోవాల్సింది పోతుంది.

పెద్దావిడ ఒక గింజ ముక్కుకు ఆనించి చూసింది. "అనపకాయ ఒలిస్తే చేతికి జిడ్డు, వాసన. దీనికి యేమీ లేదు" అంది. కాస్త నిరాశే. ఈ దేశంలో పిల్లలకు లీమా అంటే వెగటు, నిజం చెప్పాలంటే ఆ పేరు చెడగొట్టింది ఫ్రీజరు సంచి. పక్కనున్న డెలావేర్ రాష్ట్రంలో ఎకరాలకెకరాలు యంత్రాలతో కోసి, గడ్డకట్టించి అమ్ముతారు. స్కూలు క్యాంటీన్లో అది బూడిదరంగు ముద్దగా పళ్ళెంలోకి వస్తుంది. కోసిన పూటే ఒలిచిన గింజ రుచి వేరు, దాన్ని ఎరిగినవాళ్ళు ఈ రాష్ట్రం దక్షిణ కొసన వెస్ట్ కేప్‌మేలో ఏటా అక్టోబర్‌లో లీమాకు పండుగే చేస్తారు.

పెద్దావిడ మనసులో వంట ఖాయమైపోయింది. ఉడుకు నీళ్ళలోంచి తీసిన గింజల్ని చల్లనీళ్ళలో వేసింది. ఒకటి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కింది. తొక్క వేళ్ళలో మిగిలి, పచ్చటి పప్పు గిన్నెలోకి ఎగిరింది.

"పితికిన పప్పు!" అంది కూతురు. గొంతు మారింది.

చిత్తూరు జిల్లాలో సంక్రాంతి రోజులంటే ఇంటింటా ఈ పని: అనపగింజలు నానబెట్టి, చుట్టూ కూర్చుని పితకడం. మీరూ ఒక గిన్నె దగ్గరికి లాక్కోండి. నొక్కేటప్పుడు గురి చూసుకోవాలి, లేకపోతే ఎదుటివాళ్ళ ఒళ్ళోకి పోతుంది. మనమరాలికి ఇది ఆటయింది. రోట్లో కాదు గానీ మిక్సీలో కొబ్బరి, ధనియాలు, అల్లం, వెల్లుల్లి, గసగసాలు, లవంగం, చెక్క. ఉల్లిపాయ వేగింది, టమాటా మగ్గింది, ఒక ఉర్లగడ్డ, మడిలోదే ఒక లేత వంకాయ. మసాలా నూనె తేలాక పప్పు పడింది. అనప గింజ ఉడికినా విడివిడిగా నిలబడుతుంది. లీమా అలా నిలవదు, సగం గింజలు మెత్తబడి పులుసును చిక్కన చేసేశాయి. రాగి సంగటి ముద్దకు గుంట చేసి పోసుకోండి.

పెద్దావిడ తిని, రెండోసారి పోసుకుని, అప్పుడు తీర్పు చెప్పింది. "అనపకాయ కాదు. గానీ సంగటికి దిగతాండాది."

ఆ వారంలోనే రెండో మడిలో మొదటి ఊదా పువ్వు విచ్చుకుంది.

అక్టోబర్ మధ్యకు చిక్కుడు కాయలు వేలంత సాగాయి. వాతావరణ సూచనలో రాత్రికి 33 అన్నారు. కూతురూ అల్లుడూ పాత దుప్పట్లు పందిరి మీద కప్పారు. మొదటి రాత్రి దాటింది. రెండో రాత్రికి దుప్పట్లు చాలవని తేలి, చీకట్లోనే ఫోను లైట్లు పట్టుకుని దొరికినంత కోశారు. ఒక పూట వేపుడుకు వచ్చాయి, రుచికి వంక పెట్టలేం. పొద్దున చూస్తే తీగంతా నల్లబడి వేలాడుతోంది, కంచె మీదా సైప్రస్ మీదా.

లీమా అప్పటికే తన పని ముగించుకుంది. తీగ మీదే ఎండనిచ్చిన కాయలు గలగలమంటున్నాయి. ఒకటే రకం వేశారు గనుక విత్తనం కలగాపులగమయ్యే భయం తక్కువ. గోటితో నొక్కితే దిగకూడదు, అంత ఎండాక సీసాలో పోసి మూత బిగించి ఫ్రీజరులో పెట్టమంది పెద్దావిడ. వాళ్ళ ఊళ్ళో కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెడతారు, పుచ్చకుండా. ఇక్కడ చలితోనే ఆ పని అవుతుంది. గుప్పెడు గింజలు సూట్‌కేసులో పెట్టుకుంటానంటే కూతురు ఒప్పుకోలేదు. పర్మిటూ, మొక్కల ఆరోగ్య సర్టిఫికెటూ లేకుండా విత్తనం ఇండియాలోకి తీసుకుపోకూడదు.

"అట్లయితే నేను పొయ్యి నీకు ఏం పంపాల?"

"ఏమీ పంపొద్దు మా. అదీ అంతే."

కాస్త ఆలోచించి మళ్ళీ అడిగింది, పగటి లెక్క చూడని చిక్కుడు ఏమన్నా ఉందా అని. ఉంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు చేసిన అర్కా జయ్, అర్కా విజయ్ పొట్టి రకాలు, ఎప్పుడు వేసినా పూస్తాయి. "అది ఈడ దొరికితే వేసుకో. నాటుదాని జోలికి పోవద్దు. ఆకు తినేవాళ్ళెవరూ లేరు ఈ ఇంట్లో."

ప్రయాణానికి ముందు ఆదివారం, మడి ఖాళీ చేసే పని. లీమా తీగల్ని పీకడం లేదు, మొదలు దగ్గర కత్తిరించి వేళ్ళను మట్టిలోనే వదిలేస్తున్నారు, బుడిపెల్లో ఉన్నది నేలకే దక్కాలని. వీధి పొడుగునా మేపుల్ ఆకులు రాలి గుట్టలుగా పడి ఉన్నాయి. అల్లుడు అన్నిటినీ కలిపి ఒకే కుప్ప చేయబోతే ఆవిడ పార పట్టుకుని అడ్డం నిలబడింది.

"అదీ ఇదీ కలపొద్దు నాయనా. లీమా కింద రాలిందాంట్లో పురుగు దాక్కోనుంటాది, అది సంచిలో కట్టి వీధిలో పెట్టు, మున్సిపాలిటీ బండికి. మేపుల్ ఆకు మడి మీద వెయ్. ఎంత మందం వేస్తే అంత మంచిది."

అల్లుడు పారను కింద పెట్టి, గ్యారేజీలోకి వెళ్ళి ఇంకో కట్ట కాగితం సంచులు పట్టుకొచ్చాడు.